ముందు ప్రశ్న, పిదప పూత

విరాటపర్వములో ద్రౌపది సుదేష్ణ మందిరమునకు పోయిన ఘట్టము తెలుగువారికి కొత్త కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన భారతభాగము ఆ పర్వముతోనే ఆరంభమగుచున్నది. అజ్ఞాతవాసమునకై ఆ మహారాజ్ఞి ఎంచుకొన్న వృత్తి సైరంధ్రి వృత్తి. కురులు దువ్వి ముడువగలదు, మైపూతలు నూరగలదు, చిత్రచిత్రములైన పూలదండలు కట్టగలదు. నేటి మాటలో చెప్పవలెనన్నచో ఆమె బ్యూటీషియను. ఈ పోలికకు పెదవి విరిచెడివారు విరువవచ్చును గాని, ఆ చేతిపనిలో చిన్నతనమున్నదని భారతకథ ఎక్కడను చెప్పలేదు.

ఆ ఘట్టములో నన్ను నిలిపివేయు విషయము వేరొకటి ఉన్నది. సైరంధ్రి దువ్వెన చేతబట్టుటకు ముందు ఆ ఇద్దరు స్త్రీలును చాలసేపు మాటలాడుకొన్నారు. నీవెవరవు, ఎక్కడినుండి వచ్చితివి, ఏమి చేయగలవు అని రాణి అడిగినది. ఏమి చేయగలనో సైరంధ్రి చెప్పినది. ఏమి చేయనో కూడ చెప్పినది. ఎంగిలి ముట్టనన్నది, పాదములు కడుగనన్నది. రాణి తన మనసులోని భయమును సైతము దాచుకొనలేదు. ఇంతయు అయిన పిదపనే పని మొదలైనది. అలంకారమునకు ముందు సంభాషణ ఉండవలెను. ఆ సంభాషణలో "ఇది నేను చేయను" అను మాటకు చోటుండవలెను. ఈ వ్యాసములో నేను మనవి చేయదలచినది ఇంతే. మనవి చేయుటకు కారణమైన సంగతి మాత్రము పురాణములోనిది కాదు, మా ఇంటిలోనిది.

2023 మాఘమాసములో మా చెల్లెలి కూతురి వివాహము జరిగినది. ముహూర్తము మరునాటి రాత్రికి. ఆ ఉదయము తల్లీకూతుళ్ళు ఊరిలోని ఒక బ్యూటీ పార్లరుకు వెళ్ళినారు. గోడమీద ధరల పట్టిక ఉన్నది. బంగారు ఫేషియలు, వజ్రాల ఫేషియలు, పండ్ల ఫేషియలు, బ్లీచి, వాక్సింగు అని హోటలులో ఫలహారముల పట్టిక వలె వరుసగా వ్రాసి, అన్నిటికి క్రింద "పెళ్ళికూతురి ప్యాకేజి" అని పెద్ద అక్షరములతో వ్రాసినారట. మా చెల్లెలు దానిమీద వ్రేలు పెట్టి, "ఇది చెయ్యమ్మా, పిల్ల తెల్లగా కనబడాలి" అన్నది. అక్కడి అమ్మాయి "అలాగే ఆంటీ" అన్నది. నాలుగు గంటల పనికి ముందు జరిగిన సంభాషణ అంతయు ఇంతే.

మొదట మైనము పూసి పెదవి పైని, చెక్కిళ్ళ పైని నూగును లాగినారు. ఆ వెంటనే బ్లీచి పూసినారు. ఆపైన గరుకుపదార్థముతో ముఖమంతయు రుద్దినారు. సాయంకాలమునకు ముఖము ఎర్రబారినది. రాత్రికి వాచి, చెక్కిళ్ళపై నీటిపొక్కులు లేచినవి. చర్మవైద్యుని ఇంటి తలుపు తట్టినాము. ఆయన పిల్లను దీపము దగ్గరకు పిలిచి చూచి, మందు వ్రాయుటకు ముందు ఒకే ప్రశ్న వేసినాడు. "మొహానికి ఏం రాస్తున్నావమ్మా?" పిల్ల తల్లివైపు ఒకసారి చూచి, మెల్లగా చెప్పినది. సంబంధములు చూచుట మొదలైన నాటినుండి, అనగా ఎనిమిది మాసములుగా, స్నేహితురాలు చెప్పిన ట్యూబు ఒకటి మందుల షాపులో కొని రాత్రిపూట రాసుకొనుచున్నదట. తెల్లబడుదురని చెప్పినారట.

"ఈ సంగతి పార్లరులో ఎందుకు చెప్పలేదు?" అని నేను గద్దించినాను.

"ఎవరూ అడగలేదు మామయ్యా" అన్నది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడు మందు. బీటామెథసోను, మొమెటసోను, క్లోబెటసాలు వంటివి చర్మరోగములకు వైద్యులు కొలత పెట్టి, గడువు పెట్టి వాడించెడి మందులు. వానిని నెలల తరబడి ముఖమునకు రాసినచో కొంతకాలము రంగు తేలినట్లు కనిపించును. లోలోపల చర్మము పలుచబడును, సన్నని రక్తనాళములు పైకి తేలును, మొటిమలు లేచును, మానివేసినచో ముఖము భగ్గున మండును. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి పూతమందులను పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదను జాబితాలో చేర్చినది. జాబితా ఉన్నది, షాపులో ట్యూబును ఉన్నది. మా పిల్ల చర్మము అప్పటికే తడి కాగితమువలె ఉన్నది. దానిమీద మైనము పెట్టి లాగి, ఆ పచ్చిమీద హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా కలిసిన బ్లీచి పూసినారు. కాలక ఏమగును?

అందానికి పెట్టిన సొమ్ము ఆపదకు అక్కరకు వచ్చునని మన పెద్దలు నగలను గూర్చి అనిరి. మా ఇంట అందానికి పెట్టిన సొమ్ము ఆపదనే కొని తెచ్చినది. వివాహము ఆగలేదు. ఆ ఫొటోలలో మా పిల్ల తలవంచుకొనియే ఉన్నది. సిగ్గుపడుచున్నదని చూచినవారు నేటికిని మెచ్చుకొనుచుందురు.

పదునాఱు రోజుల పండుగ అయిన పిదప నేను ఆ పార్లరుకు పోయినాను. పోట్లాడుటకే పోయినాను. పట్టుమని ఇరువదిరెండేండ్లు ఉండని ఆ అమ్మాయి నా మాటలన్నియు నిలబడి విన్నది. కన్నుల నీరు పెట్టుకొన్నది గాని తప్పు కాదనలేదు. చివరకు ఒక మాట అన్నది: "మూడు నెలల కోర్సులో ఎలా చెయ్యాలో నేర్పారండీ, ఏమి అడగాలో నేర్పలేదు. నేనై అడిగితే వచ్చినవాళ్ళు లేచిపోతారండీ. ప్రక్క వీధిలో ఏమీ అడగకుండా చేసేవాళ్ళున్నారు." ఆ మాట విన్న పిదప నా కోపము నిలువలేదు. అది ఆ ఒక్క అమ్మాయి తప్పుగా నాకు తోచలేదు. ఈ వృత్తిని మనము ఎట్లు అర్థము చేసికొన్నామో అందులోనే తప్పున్నది.

ప్రశ్న ఎందుకు ఆవశ్యకమైనదో గ్రహించుటకు మన పాత ఇండ్లవైపు ఒకసారి చూడవలెను. పెండ్లికూతురును చేయునాడు పీటమీద కూర్చుండబెట్టి, నువ్వులనూనె అంటి, పసుపు కలిపిన సున్నిపిండితో నలుగుపెట్టి, కుంకుడురసముతో తలంటి, సాంబ్రాణి పొగ వేసెడివారు. ఆ నలుగు పెట్టు చేతులు ఎవరివి? తల్లివి, మేనత్తవి, అమ్మమ్మవి. ఆ పిల్లకు ఏ వయసున గజ్జి లేచినదో, ఏ నూనె పడదో, ఏ పిండి రాచిన దద్దుర్లు వచ్చునో వారికి పుట్టుకనుండియు తెలియును. వారు అడుగలేదు, ఏలయన వారికి అడుగవలసిన పని లేదు. పాతకాలమునాటి దినుసులన్నియు అమృతములని నేననను. నిమ్మరసము పూసుకొని ఎండలోనికి పోయి ముఖము కాల్చుకొన్నవారు లేకపోలేదు. కాని ఆ పద్ధతిలో చేతికిని చర్మమునకును నడుమ పరిచయము ఉన్నది. నేడు ఆ పని ఇంటినుండి అంగడికి వచ్చినది. వచ్చుట తప్పు కాదు. ఎందరో స్త్రీలకు దానివలన కూడు దొరకుచున్నది. కాని పనితోపాటు పరిచయము అంగడికి రాలేదు. పార్లరులోని అమ్మాయికి వచ్చిన మనిషి అపరిచితురాలు. ఇంటివారికి తెలిసియున్నది ఈమెకు తెలియదు. తెలియనివారు అడుగవలెను. అడుగుట మర్యాదకొరకు కాదు. అది పనిలో మొదటి భాగము.

అడిగినచో ఏమడుగవలెను? ఇది పెద్ద శాస్త్రము కాదు. ముఖమునకు ఇప్పుడు ఏమి రాయుచున్నారు? ఏ మందులు మింగుచున్నారు? ఇంతకుముందు ఏ పూత వలన, ఏ రంగు వలన దురద గాని వాపు గాని వచ్చినది? మధుమేహము, రక్తపోటు ఉన్నవా? గర్భవతులా? ఈ పని ఎందుకొరకు, ఏనాటికొరకు? ఈ ఆరు ప్రశ్నలకు ఐదు నిమిషములు చాలును. కాని ఒక్కొక్క జవాబు వెనుక ఒక్కొక్క నిర్ణయము ఉన్నది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుచున్నదని తెలిసినచో మైనము పెట్టరాదు, పెట్టినచో చర్మమే ఊడివచ్చును. మధుమేహమువలన పాదములు తిమ్మిరెక్కిన మనిషికి నీటి వేడి తెలియదు, కత్తెర గాటును తెలియదు. ఆమె పాదములను మృదువుగా కడిగి తుడిచి పంపవచ్చును గాని గోళ్ళమూలలు త్రవ్వరాదు. రక్తము పలుచబడుటకు మందు మింగుచున్నవారికి చిన్నగాటును పెద్ద పనియే. ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండ మొదలుపెట్టిన పనిని ప్రణాళిక అనలేము. అది కండ్లకు గంతలు కట్టుకొని నడచుట.

ప్రశ్న తరువాతిది పరీక్ష. ఒరగల్లుమీద గీయనిదే కంసాలి బంగారము పుచ్చుకొనడు. కొలత తీయనిదే దర్జీ బట్ట కత్తిరించడు. మనిషి చర్మము బంగారముకంటెను, బట్టకంటెను చులకనయినదా? చెవి వెనుక గాని మోచేతి లోపలివైపున గాని రవ్వంత పూసి, ఒకటి రెండు దినములు వేచి చూచుటయే చర్మమునకు ఒరగల్లు. జుట్టురంగు విషయములో ఇది మరింత ముఖ్యము. నల్లరంగులలో పెక్కింట పారాఫెనిలిన్ డయామిన్ అను రసాయనము ఉండును. కొందరికి అది పడదు. తల, కనురెప్పలు, ముఖము వాచి, ఊపిరి సైతము కష్టమగును. పదిసార్లు పడినది పదునొకండవసారి పడకపోవచ్చును. ఈ రంగుల పెట్టెమీద ముందుగా పరీక్షించి చూడుడని, కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు వాడరాదని హెచ్చరిక ముద్రింపవలెనని మన చట్టమే ఆదేశించుచున్నది. కాని పార్లరులో ఆ పెట్టెను లోపలి గదిలో విప్పుదురు. రంగు మాత్రమే గిన్నెలో బయటకు వచ్చును. హెచ్చరిక ఎవరి తలకొరకు వ్రాసినారో ఆ తలకు తెలియదు.

గోరింటాకు పేరున అమ్మెడి నల్లముద్దల సంగతియు ఇట్టిదే. ఆషాఢమున మన ఆడపిల్లలు రుబ్బి పెట్టుకొనెడి ఆకు కొన్ని గంటలు ఉంచగా ఎర్రగా పండును. నిమిషములలో నల్లగా పండెడిది ఆకు కాదు, అందులో జుట్టురంగు కలిసియున్నదని అనుమానింపవలెను. అది పెట్టిన చోట ముగ్గు పెట్టినట్లే పొక్కులు లేచిన చేతులను వైద్యులు ఎన్నిటినో చూచినారు.

మూడవది కాలగణన. పెండ్లికి పురోహితుడు ముహూర్తము పెట్టును. ఆ ముహూర్తమునుండి వెనుకకు లెక్కించి పని విభజించుకొనుట అలంకరించువారి పంచాంగము. యౌవనములో పైచర్మము పాతది పోయి కొత్తది వచ్చుటకు సుమారు నాలుగు వారములు పట్టును. కావున నిజముగా మేలు జరుగవలెనన్నచో రెండు మూడు మాసములకు ముందుగా మొదటి మాట జరుగవలెను. మొటిమలు గాని మచ్చలు గాని ఉన్నచో మొదట వైద్యుని చూడవలెను. ఎండకు కాపుదల మొదలుపెట్టవలెను. నెలనాళ్ళకు ముందు అలంకారమును ఒకసారి పరీక్షార్థము చేసి చూడవలెను. ఏ రంగు నప్పినది, ఏది పడలేదు అన్నది అప్పుడే తెలియును. చివరి రెండు వారములలో కొత్తది ఏదియు ముట్టరాదు. నూగు తీయుట, కనుబొమలు దిద్దుట మూడు నాలుగు దినములకు ముందే ముగించి చర్మమును ఊరకుండనీయవలెను. మైనము పెట్టిన చోట ఆనాడే బ్లీచి పూయరాదు. ఇక ముహూర్తమునకు ముందునాడు చేయవలసినది కడుపునిండ తిని కంటినిండ నిద్రపోవుట. మా ఇంట ఈ పంచాంగమును తలక్రిందులు చేసినారు. మూడు మాసముల పనిని నాలుగు గంటలలో కుక్కినారు.

పూతలు మాత్రమే కాదు, కూర్చుండు తీరును ప్రణాళికలోనిదే. తల కడుగుటకు మెడను వెనుకకు విరిచి తొట్టి అంచున ఆనించుదురు. 1993లో అమెరికా వైద్యపత్రిక ఒకదానిలో మైఖేల్ వైన్‌ట్రాబ్ అను వైద్యుడు, ఇట్లు తల కడిగించుకొన్న పిదప మెదడుకు రక్తము సరిగా అందక జబ్బుపడిన ఐదుగురిని గూర్చి వ్రాసినాడు. 2022లో మన హైదరాబాదులోనే ఏబదియేండ్ల స్త్రీ ఒకరికి పార్లరులో తల కడుగుచుండగా ఇట్టి పక్షవాతలక్షణములు కలిగినవని ఒక వైద్యుడు వెల్లడింపగా పత్రికలలో వచ్చినది. ఇది అరుదు, భయపడి తల కడిగించుకొనుట మానవలసిన పని లేదు. మెడ క్రింద మడచిన తువాలు పెట్టుట, "మెడ నొప్పి ఉన్నదా, కండ్లు తిరుగునా" అని ఒక మాట అడుగుట, ఎక్కువసేపు ఉంచకుండుట చాలును. ఆ ఒక్క మాట అడుగుటకు రూపాయి ఖర్చు లేదు.

ఇక తెలుపు సంగతి. ఇది చెప్పకుండ మిగిలినదంతయు చెప్పుట ఇల్లు కాలుచుండగా గోడకు సున్నము కొట్టుట వంటిది. మా చెల్లెలు అడిగినది శుభ్రత కాదు, కాంతి కాదు. "తెల్లగా కనబడాలి" అన్నది. బ్లీచి ముఖముమీది నూగుకు రంగు తీయునే గాని చర్మపు పుట్టురంగును మార్చదు. ఏ ఫేషియలును మార్చదు. మార్చునని చెప్పి అమ్మెడివానిలో ఏమున్నదో భగవంతునికెఱుక. కేరళలోని కోట్టక్కల్‌లో మూత్రపిండముల వైద్యులు 2021 నుండి 2023 వరకు వచ్చిన ఒక తరహా రోగులను పరిశీలించినారు. ఆ రోగములో ఒక ప్రత్యేక లక్షణము కనబడిన 15 మందిలో 13 మంది తెల్లబడుటకు క్రీములు రాసుకొన్నవారేనని తేలినది. ఆ క్రీములలో పాదరసము బయటపడినది. ఆ రహస్యము తేలినది కూడ వైద్యులు "ముఖానికి ఏమి రాస్తున్నారు" అని అడుగుటవలననే. మన దేశములో 2020 నాటి సౌందర్యసాధనముల నియమములు పాదరసమును నిషేధించినవి. కంటికి వాడునవి తప్ప మిగిలినవానిలో తెలియక కలిసినదైనను పదిలక్షలలో ఒక వంతు మించరాదన్నవి. 1975లో మన దేశమున వెలసిన "ఫెయిర్ అండ్ లవ్లీ" సైతము 2020లో తన పేరులోని తెలుపు మాటను తీసివేసికొన్నది. పేరు మారినది; పెండ్లిచూపులలో మన కండ్లు మారలేదు.

మన కండ్లు అని ఊరక అనుటలేదు. మా పిల్లకు సంబంధముకొరకు ప్రకటన వ్రాసినది నేనే. ఆమెది చక్కని చామనచాయ. నేను "మంచి రంగు" అని వ్రాసినాను. ఏమంత అబద్ధము, అందరు వ్రాయునదే గదా అనుకొన్నాను. ఆ ప్రకటన అచ్చయిన మాసములోనే ఆమె ఆ ట్యూబు కొన్నది. పార్లరు పిల్లమీదికి పోట్లాడుటకు పోయిన నాకు ఈ లెక్క ఇంటికి తిరిగివచ్చిన పిదప గాని తోచలేదు. మామయ్య వ్రాసిన రంగును మేనకోడలు తెచ్చుకొనవలసి వచ్చినది.

కాబట్టి అలంకరించువారు వేసెడి ప్రణాళికలో ఒక పంక్తి "ఇది చేయను" అని ఉండవలెను. రంగు మార్చెదనని మాట ఇయ్యను. వాచిన ముఖముమీద, పచ్చిమీద ఏమియు పూయను. పేరు లేని డబ్బాలోని క్రీము వాడను. వైద్యుని పనిని నేను చేయను. ఈ నాలుగు మాటలు చెప్పగలిగినవారే ఈ వృత్తిలో పెద్దవారు. బంగారు ఫేషియలుకు తెచ్చిన పేరుకంటె, "ఇవాళ వద్దమ్మా, ముందు డాక్టరుకు చూపించు" అని చెప్పినందువలన వచ్చిన పేరు ఎక్కువ కాలము నిలుచును.

దీనికి వ్యాపారము చేయువారి సమాధానము నాకు తెలియును. వరుసలో పదిమంది కూర్చుని ఉండగా ప్రశ్నలు వేయుటకు తీరిక ఏది? కనుబొమలు దిద్దించుకొన వచ్చిన మనిషి తన రోగముల జాబితా చెప్పునా? చెప్పినను నిజమే చెప్పునా? ఈ ఆక్షేపణలలో సత్యము లేకపోలేదు. కనుబొమలకు ఆరు ప్రశ్నలు అక్కరలేదు, ఒకటి రెండు చాలును. రసాయనము తగిలెడి ప్రతి పనికిని మాత్రము అన్నియు అడిగి తీరవలెను. ఒకసారి అడిగి ఒక నోటుపుస్తకములో పేరు, తేది, జవాబులు, వాడిన సరుకు పేరు వ్రాసికొన్నచో మరుసటిసారి ఒక్క మాటతో పోవును. కిరాణాకొట్టులో అరువులఖాతా వ్రాసెడి మనకు ఇది కొత్త విద్య కాదు. వచ్చినవారు అబద్ధమాడుదురన్నచో, అబద్ధమునకు వారు పూచీ పడుదురు. అడుగకపోవుటకు మాత్రము పూచీ మనదే. ప్రశ్నలు వేయుచోట పదిమందికి బదులు ఎనిమిదిమందియే పని చేయించుకొందురు గాక. ఆ ఎనిమిదిమందియు మరల వత్తురు.

యజమానులకు, శిక్షణశాలలవారికి ఒక విన్నపము. చేయుట నేర్పినంత శ్రద్ధతో అడుగుట నేర్పుడు. అమ్మిన ప్యాకేజిని బట్టి జీతము పెంచెడిచోట "వద్దు" అను మాట ఎవరి నోటను రాదు. వద్దన్న అమ్మాయిని మందలింపక వెనుకేసికొని రండు. చదువరులైన తల్లులకు మరొక విన్నపము. ప్రశ్నలు వేసెడి పార్లరును చూచి విసుగుకొనకుడు, అడుగనిచోటనే అనుమానింపుడు. మీ పిల్ల స్నానాలగదిలో దాచుకొన్న ట్యూబును గూర్చి, కోపపడకుండ, పార్లరుకన్న ముందుగా మీరే అడుగుడు.

మరల సైరంధ్రి దగ్గరకు వత్తును. ఆమెకు కృష్ణ అని పేరు. నల్లని మేనిచాయ వలన వచ్చిన పేరు. నలుపు నారాయణుడు మెచ్చునను మన సామెతకు ఆమెకంటె సాక్ష్యము అక్కరలేదు. విరాటరాజు చూచినచో మనసు పోగొట్టుకొనునేమో అని సుదేష్ణ భయపడినది ఆ నల్లని మనిషిని చూచియే. లోకోత్తర సౌందర్యవతి అయిన ఆ కృష్ణ మరొకరికి జడ వేయుటకు వచ్చి, మొదట తన నియమము చెప్పి, రాణి మనసు తెలిసికొని, పిదప దువ్వెన అందుకొన్నది.

గడచిన శ్రావణములో మా మేనకోడలు పండుగకు పుట్టింటికి వచ్చినది. ముఖము చాలవరకు నెమ్మదించినది. ఎడమ చెక్కిలిపై మచ్చ ఒకటి మాత్రము మిగిలియున్నది. తల కడిగించుకొనుటకని బయలుదేరుచుండగా, "అదే పార్లరుకా?" అని మా చెల్లెలు తెల్లబోయినది. "అదే అమ్మా. ఇప్పుడు ఆవిడ అన్నీ అడుగుతోంది" అన్నది పిల్ల. నేను నా గదిలో కూర్చుండి ఆ మాట విన్నాను. నాకు పోట్లాటమీద ఎన్నడును నమ్మకము లేదు. ఆనాటి నా పోట్లాటవలననే ఈ మార్పు వచ్చినదని చెప్పుకొనను. ఆ అమ్మాయి తనంతట తానే ఒక నోటుపుస్తకము కొన్నదట. అందులో మొదటి పుటలో వ్రాసికొన్న పేరు మా పిల్లదేనట.